ఈదులవాగు ఉమ్మడి తూము

ఆ ఉదయం ఏడు గంటలకు తోటపాలెం తోటలో వ్యాపారి పొలిశెట్టి మాల్యాద్రి చేతిలో ఉన్న సరుకు ఇంతే. తొంభై కట్టలు రావలసిన చోట ముప్పై నాలుగు కట్టల తమలపాకులు. వాటిలో సగం ఆకు పసుపు తిరిగింది. సరుకును గాల్లో మోసే నాలుగు ఎగురుబుట్టలు గట్టు మీద రెక్కలు ముడుచుకుని నిలబడ్డాయి. నిండకుండా అవి లేవవు, చేతికొచ్చిన ఆకు ఒక్క బుట్టకు కూడా చాలదు. ముప్పై ఏళ్లుగా ఎక్కువగా తోటపాలెం ఆకు మీదే బతికిన మనిషి యాభై ఎనిమిదో ఏట ఆ కట్టల్ని మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు.

"ఇంకెన్నాళ్లు వెంగమ్మా?" అని అడిగాడు.

ఆ తోట సాగుచేసే వెంగమ్మ అవిశ చెట్టుకు పాకిన తమలపాకు తీగను వేళ్లతో తడిమి చూసింది. "నాలుగు రోజులన్నా. ఐదో రోజుకి ఇది తీగ కాదు, తాడు. ఎండుగడ్డి మోపులు కట్టుకోవచ్చు."

ఆమె కాళ్ల దగ్గర నేలచెవి ఎర్రగా వెలుగుతోంది. మట్టిలో జానెడు లోతున పాతిన ఆ సన్నని గొట్టం వేళ్లకు దాహమైతే ఎర్రబడుతుంది, తీరితే పచ్చబడుతుంది. ఈదులవాగు పొడవునా అలాంటివి నాలుగు వేలున్నాయి. అవన్నీ చెప్పేది విని, వాగులో పారే నీటిని చుక్కలెక్కన పంచేది జలగణకం. పగలూ రాత్రీ దానికి ఒకటే. పార పట్టుకుని కాలవ గట్టున కాపలా కాసే పని ఎవరికీ లేదు. ఇరవై రెండేళ్ల కింద ఈ వాగు మీద తలలు పగిలాయి. జలగణకం వచ్చాక ఒక్క పార పైకి లేవలేదు. దేశంలో ప్రతి ఏటికీ, ప్రతి వాగుకీ ఒకటి ఉంది. అందరూ దాన్ని మెచ్చుకుంటారు. మాల్యాద్రి కూడా మెచ్చుకున్నవాడే. తూకం సరిగా ఉన్న చోట వ్యాపారికి తలనొప్పులు తక్కువ.

వెంగమ్మ తోటకు ఆ పూట వంతు పదకొండు నిమిషాలు. తూము మూసుకునే ముందు కాలవలో చివరి నీరు పల్చగా మిగిలింది. వెంగమ్మ పాదంతో చిన్న గట్టు తెంపింది. ఆ నీరు ఇసుకలోకి, వాగులోకి జారిపోయింది.

మాల్యాద్రి ఉలిక్కిపడ్డాడు. "అదేంది? తీగ ఎండిపోతంటే నీళ్లు వాగులోకి తోస్తన్నావు!"

"అదా? వాగుకి కొసరు" అంది ఆమె, ఇది కూడా అడగాలా అన్నట్టు. "దూడలు తాగొద్దా, పిట్టలు తాగొద్దా? ఆకులు లెక్కపెట్టి నీకిచ్చేటప్పుడు పైన నాలుగు ఎయ్యటంలా? మా అమ్మ ఏసింది, నేను ఏస్తన్నా."

"ఊరంతా ఏస్తారా?"

"ముప్పై ఎనిమిది తోటలూ ఏస్తాయి. ఎయ్యకపోతే ఒంటికి పట్టుద్దా?"

అతను వదిలిన నీరు ఎంతుంటుందో కంటితో కొలిచాడు. నలభై కుండలకు ఒక కుండ. పెద్ద లెక్కేం కాదు. అయితే చిన్న తరుగు ఏళ్ల తరబడి నిలబడితే ఏమవుతుందో వ్యాపారికి ఒకరు చెప్పనక్కర్లేదు. అతను తూము దగ్గరికి నడిచాడు. అక్కడి నల్లని స్తంభం ఎవరు పలకరించినా జవాబు చెబుతుంది.

"తోటపాలెం వాటా ఎంత?"

"మొదటి ఏటి వాటాను వంద అనుకుంటే ఈ ఏడు యాభై ఏడు" అంది జలగణకం. దాని గొంతు ఎప్పుడూ బడిలో పాఠం చెప్పినట్టే ఉంటుంది.

"తగ్గించిందెవరు?"

"ఎవరూ తగ్గించలేదు. గ్రామం ప్రతి ఏడూ తన వాటాలో నలభయ్యో వంతు వాడకుండా వాగులోకి వదిలింది. వాడని నీరు అక్కరలేని నీరు. ఆ మేరకు మరుసటి ఏటి వాటాను సవరించాను. మిగులు పట్నం గొట్టానికి చేరింది."

"అది వాడని నీరు కాదయ్యా. కొసరు."

"ఆ పేరుతో నా దగ్గర పద్దు లేదు."

మాల్యాద్రికి లెక్క అర్థమైంది. ఊరు దయ చూపిన కొద్దీ ఇరవై రెండేళ్లుగా ఎండుతోంది. పాపం, ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. "పైన గానుగపెంటకి?"

"వంద. ఒక్క ఏడూ తగ్గలేదు."

"వచ్చే ఏడు వీళ్లకి?"

"యాభై ఆరు. నీటి సంవత్సరం ఈ సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు ముగుస్తుంది. ఆ తరువాత ఏడాది వరకు ఏ మార్పూ ఉండదు."

*

గానుగపెంట నాలుగు కిలోమీటర్లు ఎగువన. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తుంది. రెండు ఊళ్లకూ వెళ్లే మనిషి మాల్యాద్రి ఒక్కడే. కింద ఆకు కొంటాడు, పైన నిమ్మకాయలు కొంటాడు. ఇరవై రెండేళ్లలో పైవాళ్లు కిందికి దిగలేదు, కిందివాళ్లు పైకి ఎక్కలేదు. నీళ్లు వాటంతటవే వస్తుంటే ఎక్కాల్సిన పనేముంది?

ఊరి పొలిమేరలోనే బండి చక్రాలు బురదలో దిగాయి. రోహిణి ఎండలో రోడ్డు మీద బురద. నిమ్మతోటల్లో చీలమండ లోతు నీరు నిలిచి ఉంది. ఆ తోట రైతు ఓబుల్‌రెడ్డి పంచె ఎగగట్టి, బండరాళ్ల మీదికి నీళ్లు చిమ్మే గొట్టం దగ్గర నిలబడ్డాడు.

"రాళ్లకి నీళ్లు పెడతన్నావా రెడ్డీ? మొలకెత్తుతాయా?"

"ఎటకారం చాల్లే శెట్టీ. వాటా అయిపోవాల. ఒక్క చుక్క మిగిల్చామంటే వచ్చే ఏడు కోస్తది. మేం మొదటి ఏడే కనిపెట్టాం."

"కనిపెట్టినోళ్లు కిందోళ్లకి చెప్పలేదే?"

"వాళ్లతో మాకు మాటలుండాయా?" ఓబుల్‌రెడ్డి ముఖం గట్టిపడింది. "మా పెదనాన్నని పారతో కొట్టి చంపినోళ్లు."

మాల్యాద్రి ఒక నిమ్మచెట్టు కింద వంగి, వేలితో బురద తోడి, వేరు ముక్క లాగాడు. వేరు మీది తోలు తడి కాగితంలా ఊడివచ్చింది. లోపల గోధుమరంగు, కుళ్లు వాసన. దాన్ని ఓబుల్‌రెడ్డి ముక్కు దగ్గరికి చాచాడు.

"మూడేళ్ల కింద ఈ తోటలో నాకెన్ని బస్తాలు తూచావు?"

"నూట పది."

"నిరుడు?"

"...అరవై."

"ఈ ఏడు?"

ఓబుల్‌రెడ్డి గొంతు తగ్గింది. "పదిహేడు. తెగులు అనుకున్నాం. మందులు కొట్టించాం."

"తెగులు కాదు. నీళ్లు. కింద చెట్టు దప్పికతో పోతంది, నీది మునిగి పోతంది. రెండిటికీ కారణం ఒకటే, వాడని నీటికి వాటా కొయ్యటం. ఆపు."

"ఆపితే వాటా పోతది. పోయింది మళ్లీ రాదు. నా కొడుకులు నన్ను తిట్టుకుంటా బతకాలా?"

దారిలో వస్తూ మాల్యాద్రి ఆలోచించింది ఆ ప్రశ్న గురించే. జలగణకం ఊరి లోపల చూడదు, ఊరి పొలిమేర దగ్గరే కొలుస్తుంది. రెండు ఊళ్లకూ పొలిమేర ఒకటైతే పైన వదిలిన నీరు కింద వాడిన నీరవుతుంది. తరుగు ఉండదు. అతను ఓబుల్‌రెడ్డిని ఆ ఊరి స్తంభం దగ్గరికి తీసుకెళ్లి అడిగించాడు.

"రెండు గ్రామాలను ఒకటిగా కొలిచే ఉమ్మడి తూము నిబంధనల్లో ఉంది" అంది జలగణకం. "రెండు గ్రామాల్లోని ప్రతి ఇల్లూ ఒప్పుదల వేలిముద్ర వేయాలి. ఒక్క ఇల్లు తగ్గినా చెల్లదు. ఇప్పటివరకు ఎవరూ అడగలేదు."

ఓబుల్‌రెడ్డి వెనక్కి తిరిగి రాళ్ల మీద పడే నీటిని చూశాడు. "రేపు వాళ్లు మొత్తం తోడుకుంటే?"

"పోయి తగాదా పడు. యాడుంటారో తెలుసు గదా."

"నీకేం శెట్టీ, రెండూళ్లలో యాడా ఇల్లు లేదు. వేలు పెట్టేది నువ్వు కాదు, పోగొట్టుకునేది నువ్వు కాదు."

"ఆకు పోతే నేను పోయినట్టే. దానికి వేలిముద్ర అక్కర్లా."

ఓబుల్‌రెడ్డి వెళ్లి వంగి గొట్టం కట్టేశాడు. రాళ్ల మీద శబ్దం ఆగింది.

అప్పటికి పదకొండు గంటలు. తోటపాలెంలో ముప్పై ఎనిమిది ఇళ్లు, గానుగపెంటలో నూట పన్నెండు. చేతిపలకల మీద వేలిముద్రలు పడుతున్న కొద్దీ స్తంభం మీది అంకె పెరిగింది. తోటపాలెం రెండు గంటల్లో అయిపోయింది, వాళ్లకు పోయేదేమీ లేదు. గానుగపెంటలో ఓబుల్‌రెడ్డి ఇల్లిల్లూ తిరిగాడు, చేతిలో ఆ కుళ్లిన వేరు పట్టుకుని. కొన్నిచోట్ల తిట్లు తిన్నాడు. ఒకచోట తలుపు మూశారు, మళ్లీ తెరిచారు. అయిదు గంటలకు నూట నలభై తొమ్మిది.

ఆ అంకె అక్కడే ఆగిపోయింది.

*

మిగిలిన ఇల్లు రవణమ్మది. ఆనాడు పారదెబ్బకు చనిపోయిన మనిషి భార్య. ఓబుల్‌రెడ్డికి పెద్దమ్మ. డెబ్బై రెండేళ్ల మనిషి అరుగు మీద కూర్చుని చాటలో కందులు ఏరుతోంది. మాల్యాద్రి చెప్పిందంతా విన్నది. కుళ్లిన వేరు చూసింది. కాదని తల ఊపి మళ్లీ కందులు ఏరుకుంది.

"కాదన్నది నీళ్ల కోసమా పెద్దమ్మా?" అన్నాడు మాల్యాద్రి.

"నీళ్లు నాకెందుకయ్యా, ఒక బిందె చాలు."

"మరి?"

"ఆయన పోయిన పదకొండో నాడు కిందూరోళ్లు వస్తారని రెండు బస్తాల బియ్యం వండించా. కాళ్లు పట్టుకుంటారని కాదు. తిట్టాలని. నోరారా తిట్టి, అన్నం పెట్టి పంపాలని. కొట్టినోళ్లయినా సరే పరామర్శకి రావాల గదా? ఎప్పుడూ వచ్చేటోళ్లే. మా మామ కాలంలోనూ తలలు పగిలినై, పదకొండో నాడు వచ్చినారు. ఈసారి ఒక్కరు రాలా. నెల తిరక్కుండా ఆ స్తంభం దిగింది. ఇంక నీళ్ల కోసం ఎవురూ ఎవురి గడపా తొక్కక్కర్లేదన్నారు. ఎవురూ తొక్కలా." ఒక రాయి ఏరి పారేసింది. "ఇప్పుడు అవసరం వచ్చి వేలు పెట్టమంటే పలక మీద పెట్టాలా? మనిషి రాదా?"

మాల్యాద్రి అరుగు దిగి పక్కకు వచ్చి వెంగమ్మను చేతిపలకలో పిలిచాడు. రవణమ్మ భర్త మీద పార ఎత్తిన చెంచయ్య వెంగమ్మ తండ్రే. అది ఇద్దరికీ తెలుసు.

"రోడ్డు మీద రావాకు, చుట్టు. వాగులోనుంచి రా. ఎంతసేపట్లో వస్తావు?"

"వాగులో దోవ యాడుందన్నా? అంతా సర్కారు తుమ్మ." చెప్పుల చప్పుడు వినిపించింది. "వస్తన్నా."

అయిదూ ఇరవై అయింది. అయిదూ యాభై అయింది. ఓబుల్‌రెడ్డి అరుగు ముందు పచార్లు చేస్తున్నాడు. వీధిలో జనం చేరారు. మాల్యాద్రి జీవితంలో చాలా బేరాలు చూశాడు. సరుకు బాగుండి, ధర కుదిరి, బండి మాత్రం రాక చెడిపోయిన బేరాలే అతన్ని ఎక్కువ బాధించాయి. ఆరూ పదికి వాగు గట్టు మీద వెంగమ్మ కనబడింది. చీర కొంగు చీలికలై ఉంది. మోచేతుల నుంచి, పిక్కల నుంచి నెత్తురు గీతలు. చెప్పు ఒకటే ఉంది.

ఆమె అరుగు కింద నేల మీద కూర్చుంది.

"ఎవురి కూతురివే?" అంది రవణమ్మ, తల ఎత్తకుండా.

"చెంచయ్య కూతుర్ని."

వీధిలో ఎవరో గొణిగారు. ఓబుల్‌రెడ్డి చెయ్యెత్తి ఆపాడు.

"ఉండాడా?"

"పోయాడు పెద్దమ్మా. ఆరేళ్లయింది."

"నాకు చెప్పలేదే."

"ఎట్టా చెప్పాల? దోవ లేదు." వెంగమ్మ కొంగుతో పిక్క మీది నెత్తురు తుడుచుకుంది. "మూడుసార్లు బయలుదేరాడు. వాగు దాకా వచ్చి తిరిగొచ్చేవాడు. ఇప్పుడేం పని ఉందని పోవాల, ఏం వంక చెప్పి గడప ఎక్కాల అనేవాడు. జైల్లోనుంచి వచ్చినాక కూడా అదే మాట. అన్నం ముందు కూకోని అదే మాట. తిట్టు పెద్దమ్మా. నాయన బదులు నేను తింటా."

రవణమ్మ చాట పక్కన పెట్టింది.

ఆ తరువాత ఆమె తిట్టిన తిట్లు మాల్యాద్రి ఎవరికీ చెప్పలేదు. గట్టిగా అరవలేదు. పేరుపేరునా తిట్టింది. భర్త పోయిన ఏడు విత్తని చేను గురించి తిట్టింది. తండ్రి లేకుండా జరిగిన కూతురి పెళ్లి గురించి తిట్టింది. జ్వరమొచ్చిన రాత్రి పక్కన ఖాళీగా ఉన్న మంచం గురించి తిట్టింది. వెంగమ్మ కింద పడ్డ కందిగింజల్ని ఒక్కొక్కటిగా ఏరి అరుగు మీద పెడుతూ కూర్చుంది. ఆరూ ఇరవై ఎనిమిది. మాల్యాద్రి అరుగు నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఇలాంటి చోట మధ్యలో దూరినవాడు మొత్తం పోగొట్టుకుంటాడు.

ఆరూ ముప్పై మూడుకి రవణమ్మ ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్నం తిన్నావా?"

"లేదు."

"లే. చేతులు కడుక్కో."

"పెద్దమ్మా!" ఓబుల్‌రెడ్డి పలక ముందుకు చాచాడు. "ఏడు నిమిషాలే ఉండాయి. ముందు వేలు పెట్టు, తర్వాత వంద మందికి పెడుదువు."

"నోరు ముయ్యరా. ఇరవై రెండేళ్ల నుంచి చల్లారిన అన్నం ఇది. ముందు తిననీ."

కంచం వచ్చింది. మజ్జిగన్నం, నిమ్మకాయ ఊరగాయ. వెంగమ్మ చేతికి ముళ్ల గాట్లు ఉన్నాయి, ఊరగాయ తగిలి మండింది. కళ్లలో నీళ్లతోనే మొదటి ముద్ద మింగింది. రెండో ముద్ద. మూడో ముద్ద మింగాక రవణమ్మ చెయ్యి చాచింది. "ఇయ్యి ఆ పలక."

ఆరూ ముప్పై ఏడు. వేలు పెట్టింది. పలక ఎరుపు చూపింది.

"ముద్ర చదవబడలేదు" అంది పలకలోంచి జలగణకం.

కందులు ఏరి ఏరి, పొలం పని చేసి చేసి ఆమె వేలి గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. ఎరుపు. ఆరూ ముప్పై ఎనిమిది. ఓబుల్‌రెడ్డి తల పట్టుకున్నాడు. వెంగమ్మ ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో ముసలామె చెయ్యి పట్టుకుంది. నోటితో ఆవిరి ఊదింది, పసిపిల్లల చేతులు వెచ్చబెట్టినట్టు. ఒకసారి, రెండుసార్లు. బొటనవేలు చివర చర్మం కొంచెం మెత్తబడింది. ఇద్దరి చేతులూ కలిసే పలక మీద ఆనాయి.

"నూట యాభై. ఉమ్మడి తూము నమోదైంది" అన్నది గొంతు. ఆరూ ముప్పై తొమ్మిది.

*

ఆ సాయంత్రమే గానుగపెంటవాళ్లు పైతూమును సగానికి మూశారు. నీళ్లు ఇసుకలో పాకుతూ పాకుతూ తోటపాలెం చేరేసరికి తెల్లవారింది. ఏడు తోటలకు అప్పటికే ఆలస్యమైంది. ముప్పై ఒకటి నిలిచాయి.

తొమ్మిదో రోజున మొదటి తగాదా వచ్చింది. ఉమ్మడి లోపల ఎవరెంత తీసుకోవాలో జలగణకానికి పట్టదు కాబట్టి, మనుషులే తూము దగ్గర నిలబడి తేల్చుకోవాలి. రెండు ఊళ్ల నుంచి పన్నెండు మంది, పన్నెండు పారలు. మధ్యలో దూరినందుకు మాల్యాద్రి నుదుటికి పార కర్ర తగిలి మూడు కుట్లు పడ్డాయి. కొట్టిన గానుగపెంట కుర్రాడి తల్లి మర్నాడే కోడిగుడ్లు తీసుకుని చూడటానికి వచ్చింది. కొడుకును చెవి పట్టుకుని తీసుకొచ్చింది.

నెల తిరిగాక ఒక ఉదయం తూము దగ్గర మళ్లీ గొంతులు లేచాయి. ఓబుల్‌రెడ్డి, వెంగమ్మ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"నిన్న అరగంట ఎక్కువ తోడుకున్నారు!"

"మీ గొట్టం లీకవుతా ఉంటే చూసుకోవా? రెడ్డివి, కళ్లు లేవా?"

స్తంభం మధ్యలో కలగజేసుకుంది. "ఒక నెలలో పదకొండు తగాదాలు నమోదయ్యాయి. గత ఇరవై రెండేళ్లలో ఒక్కటీ లేదు. ఉమ్మడి తూము మీకు హాని చేస్తున్నట్టు తెలుస్తోంది. రద్దు చేయమంటారా?"

ఇద్దరూ ఒకేసారి దాని వైపు తిరిగారు.

"మా మాటల్లో నువ్వు దూరమాకు!" అంది వెంగమ్మ.

"అడిగామా నిన్ను?" అన్నాడు ఓబుల్‌రెడ్డి. ఆ తరువాత ఎక్కడ ఆగారో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

మాల్యాద్రి గట్టు మీద ఎగురుబుట్టలు నింపుతూ లెక్క చూసుకున్నాడు. పోయినవి ఏడు తోటలు, నుదుటి మీద మూడు కుట్లు, ఒక సీజను ఆకు. నిలిచినవి ముప్పై ఒక్క తోటలు. నిమ్మచెట్లలో నూటికి అరవై చిగురు వేశాయి. వాగులో సర్కారు తుమ్మ మధ్య మనిషి పట్టే దోవ ఒకటి పడింది, రోజూ నడుస్తున్నారు కాబట్టి. ఇప్పటిది వదిలేస్తే తగాదాలు పదకొండు, అందులో పది తీరిపోయాయి. తీరనిది తోటపాలెంలో ముసలి నరసక్కకు, గానుగపెంట రవణమ్మకు మధ్య వచ్చింది. దాన్ని తేల్చటానికి రేపు పొద్దున తానే కిందికి దిగి వస్తున్నానని, మధ్యాహ్నానికి వంట చెయ్యమని రవణమ్మ నరసక్కకు కబురు పెట్టింది.

ఆ పదకొండో తగాదాను మాల్యాద్రి లాభంలోనే వేసుకున్నాడు.